పాత మైక్రోస్కోప్ కొనాలి: ల్యాబ్ బైనాక్యులరా, లాబోఫోటా, కాలేజీ మోనోక్యులరా?

పిల్లకాలువ

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. ఉండేది కూకట్‌పల్లిలో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్, అసలైన మైక్రోస్కోప్‌లో చివరిసారి కన్ను పెట్టింది ఇంటర్ బైపీసీ ప్రాక్టికల్స్‌లో. ఈమధ్య మా అమ్మాయికి కొన్న కాగితం ఫోల్డ్‌స్కోప్‌తో కుండీలో నిలిచిన నీళ్లు చూశాక పిచ్చి పట్టుకుంది. చెరువు నీళ్లు, గోడ మీద నాచు, పుట్టగొడుగుల స్పోర్లు, ఇవీ నేను చూడాలనుకునేవి. ఫోన్‌తో ఫోటోలు, కుదిరితే వీడియోలు కూడా తీయాలి.

బడ్జెట్ 20 వేలు. నా ముందున్నవి ఇవి. మా ఏరియాలో మూసేస్తున్న ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఒలింపస్ సీహెచ్20ఐ, రెండు కళ్లది, 18 వేలు అంటున్నారు. ఒక జూనియర్ కాలేజీ నుంచి బయటికొచ్చిన అంబాలా తయారీ ఒంటికన్నుది, కింద అద్దం, 3,500. ఇంకొకాయన అమెరికా నుంచి తెచ్చుకున్న నికాన్ లాబోఫోట్, ఐపీసులు (కన్ను పెట్టే లెన్సులు) లేవు, బల్బు లేదు, 110 వోల్టులది, 14 వేలు. ఇవి కాక ఆన్‌లైన్‌లో 9 వేలకే కొత్తది, 2000ఎక్స్ అని రాశారు. పాతదానికి 18 వేలు పోసి అందులో సగం పవరే వచ్చేదాన్ని ఎందుకు కొనాలి అని ఇంట్లో ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు, మీరే చెప్పాలి.

లెన్స్‌పిచ్చి_విశాఖ

ఇంట్లోవాళ్లకి ముందు ఇది చదివి వినిపించండి. ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుంది అనేది కాదు లెక్క, ఎంత సన్నటి వివరం విడివిడిగా కనిపిస్తుంది అనేది లెక్క. అది ఆబ్జెక్టివ్ (స్లైడుకి దగ్గరగా ఉండే లెన్సు) మీద రెట్ల అంకె పక్కనే ఉండే చిన్న అంకెలో ఉంటుంది, న్యూమరికల్ అపెర్చర్, మనం ఎన్.ఏ. అంటాం. కాంతి తరంగదైర్ఘ్యాన్ని 0.61తో గుణించి ఎన్.ఏ.తో భాగించండి, రెండు చుక్కలు రెండుగా కనిపించడానికి వాటి మధ్య ఉండాల్సిన దూరం వస్తుంది. ఆకుపచ్చ కాంతి 0.55 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే 40ఎక్స్/0.65 ఆబ్జెక్టివ్‌కి దాదాపు అర మైక్రాన్, నూనె వేసి వాడే 100ఎక్స్/1.25కి 0.27 మైక్రాన్. మామూలు కాంతితో ఇంతే, ఐపీస్ మార్చినంత మాత్రాన ఇది మారదు. ఎన్.ఏ.ని వెయ్యితో గుణిస్తే వచ్చే అంకె దాటి పెద్దది చేస్తే మసకే పెద్దదవుతుంది. అంటే 1.25 ఆబ్జెక్టివ్‌తో 1250 రెట్ల వరకు అర్థం ఉంది. 2000ఎక్స్ అని రాసినవాళ్లు అదే 100ఎక్స్ మీద 20ఎక్స్ ఐపీస్ పెడతారు, అంతకుమించి ఏమీ లేదు.

నా ఓటు సీహెచ్20ఐకి. కానీ వెళ్లి చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆబ్జెక్టివ్‌ల మీద ఏం రాసుందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెట్టండి.

రొయ్యల_డాక్టర్

భీమవరంలో ఆక్వా ల్యాబ్ మాది, రొయ్య పేగులో గ్రెగరైన్లు, మొప్పల మీద జూథామ్నియం లాంటి సూక్ష్మజీవుల్ని చూడ్డమే రోజూ పని. ఇక్కడ ల్యాబులు తెరవడం మూయడం మామూలే కాబట్టి పాత మైక్రోస్కోపులు చేతులు మారుతూనే ఉంటాయి. నేను చూడ్డానికి వెళ్తే ఏం చేస్తానో చెప్తా.

నా స్లైడు నేనే తీసుకెళ్తా. అమ్మేవాడు చూపించే స్లైడులో ఏ తేడా ఉన్నా అది లెన్సుదో స్లైడుదో తెలియదు. ఉల్లిపొర మీద చుక్క అయోడిన్ వేసి కవర్ స్లిప్ పెట్టుకుంటే చాలు. 10ఎక్స్‌లో ఫోకస్ చేసి 40ఎక్స్‌కి తిప్పండి, ఫైన్ నాబ్ (ఫోకస్‌ని సన్నగా కదిపేది) కొంచెం కదిపితే దొరకాలి. దొరక్కపోతే ఎవరో ఆబ్జెక్టివ్ మార్చి వేరేది బిగించారు. ఫోకస్ చేశాక చేతులు తీసేసి కాసేపు కబుర్లు చెప్పండి, బొమ్మ దానంతట అదే మసకబారుతుంటే స్టేజి (స్లైడు పెట్టే పళ్లెం) జారుతోంది. అది చాలాసార్లు కోర్స్ నాబ్ (ఫోకస్‌ని పెద్దగా కదిపేది) పక్కన ఉండే బిగువు రింగు సర్దితే పోతుంది, భయపడక్కర్లేదు, ధర తగ్గించడానికి మాత్రం వాడుకోండి. ఫైన్ నాబ్ ఒకవైపు తిరిగి ఇంకోవైపు కరకరమంటే, లేదా తిప్పుతున్నా స్టేజి కదలకపోతే, అది వదిలేయండి. లోపలి పళ్ల చక్రం అరిగితే ఆ పార్టు మనకి దొరికే సంగతి దేవుడెరుగు.

రెండు కళ్లదైతే రెండు గుండ్రాలు కలిసి ఒకటి కావాలి. ఎప్పుడో కింద పడి ప్రిజం కదిలినది అయితే కళ్లు బలవంతంగా కలుపుకుంటాయి, పావుగంటలో తలనొప్పి. షాపులో రెండు నిమిషాలు చూస్తే ఇది తెలియదు, కూర్చుని పది నిమిషాలు చూడండి. తర్వాత ఐపీసులు తీసి గొట్టంలోకి, ఆబ్జెక్టివ్ తీసి దాని వెనకవైపు నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్.

ల్యాబ్ మిషన్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది. 100ఎక్స్‌కి నూనె వేస్తారు, తిరిగి 40ఎక్స్‌కి తిప్పేస్తారు, అది నూనెలో ములుగుతుంది, ఎవడూ తుడవడు. ఏళ్ల తరబడి అది ఎండి పొర కట్టి ఉంటుంది. 40ఎక్స్ పొగమంచులో చూసినట్టుంటే ముందు ఇదే అనుమానించండి, లెన్స్ పోయిందని అమ్మేవాడే అనుకుంటే మీకు లాభం.

డల్లాస్_బాబాయ్

లాబోఫోట్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. 160 మి.మీ. ట్యూబ్ రోజుల్లో నికాన్ సీఎఫ్ ఆబ్జెక్టివ్‌లు ఒక పెద్ద మెట్టు. అప్పట్లో మిగతా కంపెనీలు చాలావరకు అంచుల్లో మిగిలే రంగు తేడాని ఐపీస్‌తో సరిదిద్దేవి, నికాన్ 1970లలో దాన్ని ఆబ్జెక్టివ్‌లోనే సరిచేసింది. స్టాండు కూడా బండలా ఉంటుంది. 110 వోల్టులన్నది అసలు సమస్యే కాదు, బల్బు 6 వోల్టులదే, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే తేడా.

ఐపీసులు లేకపోవడమే అసలు ఇబ్బంది. సీఎఫ్ ఐపీసులే వేయాలి. పాత ఒలింపస్ ఐపీస్ దొరికింది కదా అని పెడితే, అది ఒలింపస్ ఆబ్జెక్టివ్ వదిలేసిన రంగుని సరిచేయడానికి చేసినది కాబట్టి, ఇక్కడ లేని తప్పుని సరిదిద్దబోయి అంచుల్లో కొత్త రంగు చారలు తెస్తుంది. తిరగేసి చేసినా అంతే.

ఇంకోమాట, ఇక్కడి పాత సామాన్ల సైట్లలో అమెరికన్ ఆప్టికల్ సిరీస్ 10 చాలా చవకగా కనిపిస్తుంది, బంధువుల చేత తెప్పించుకుందామని ఎవరైనా అనుకుంటారేమో. అది 1960ల నాటికే ఇన్ఫినిటీ పద్ధతి (ఆబ్జెక్టివ్ నుంచి కాంతి సమాంతరంగా బయటికొచ్చేది), ఆబ్జెక్టివ్‌లు 34 మి.మీ. పొట్టివి. మంచి మిషనే, కానీ దాని పార్టులు దానికే, మన దగ్గర దొరికేవి ఏవీ దానికి అతకవు. బరువు సంగతి సరేసరి, సూట్‌కేసులో సగం అదే.

పిల్లకాలువ

రొయ్యల డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే ఉల్లిపొర పట్టుకుని వెళ్లా, ల్యాబ్ ఓనరు కాస్త వింతగా చూశాడు. ఆబ్జెక్టివ్‌ల మీద ఉన్నది: 4/0.10, 10/0.25, 40/0.65, 100/1.25 ఆయిల్, అన్నిటి మీదా 160/0.17 (4ఎక్స్ మీద 0.17 బదులు గీత ఉంది). 10ఎక్స్ అద్దంలా ఉంది. 40ఎక్స్ అచ్చంగా మీరు చెప్పిన పొగమంచు. స్టేజి జారడం లేదు, ఫైన్ నాబ్ మెత్తగా ఉంది, రెండు కళ్లూ కలుస్తున్నాయి. లైట్ మాత్రం నాబ్ తిప్పుతుంటే ఒకచోట చిటపటమని ఆగి వెలుగుతోంది. 40ఎక్స్ పోయిందని చెప్తే ఓనరే 15కి దిగాడు. తీసుకోనా?

లెన్స్‌పిచ్చి_విశాఖ

తీసుకోండి. 160 అంటే ట్యూబ్ పొడవు, 0.17 అంటే కవర్ స్లిప్ మందం, మిల్లీమీటర్లలో. 160 బదులు ∞ గుర్తు ఉంటే ఇన్ఫినిటీ, దాన్నీ దీన్నీ కలపకూడదు, మర ఒకటే కావడం వల్ల బిగుస్తుంది కానీ బొమ్మ సరిగా రాదు. ఆ మర రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ పెట్టిన కొలత, 20.32 మి.మీ., అందుకే నూరేళ్ల పాత ఆబ్జెక్టివ్ కూడా మీ నోస్‌పీస్‌లో (ఆబ్జెక్టివ్‌లు బిగించే తిరిగే భాగం) ఎక్కుతుంది. 160 తరహా కొంటే లాభం అదే, రేపు ఎక్కడో ఒక మంచి ప్లాన్ (అంచులదాకా ఫోకస్ సమంగా ఉండే రకం) 20ఎక్స్ విడిగా దొరికితే బిగించుకోవచ్చు. పొడవు 45 మి.మీ.ది అయితే మిగతావాటితో ఫోకస్ కూడా కలుస్తుంది. పాత జపాన్ పొట్టివి 36 మి.మీ. ఉంటాయి, అవి కలిపితే తిప్పిన ప్రతిసారీ స్టేజిని 9 మి.మీ. పైకీ కిందికీ తిప్పుకోవాలి, పొరపాటున పొడవుది స్లైడుని గుద్దేస్తుంది.

జువాలజీ_మేడమ్

గుంటూరు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బాబూ, ఆ 40ఎక్స్ తుడిచేముందు ఇది చదువు.

ఐపీస్ ఒకటి తీసి తలకిందులుగా పట్టుకుని కంటికి ఆనించుకుని ఆబ్జెక్టివ్ ముందు అద్దాన్ని చూడు, అది మంచి భూతద్దం. వేరే లూప్ కొనక్కర్లేదు. ముందు రబ్బరు బల్బుతో గాలి ఊదాలి, దుమ్ము మీద రుద్దితే ఇసుక కాగితం పెట్టినట్టే. తర్వాత నోటి ఆవిరి పట్టి లెన్స్ పేపర్‌ని మెలితిప్పిన కొసతో మధ్య నుంచి అంచుకి సుడి తిప్పుతూ ఒక్కసారి, ఆ కాగితం పారేయాలి. ఎండిన నూనె దీనికి లొంగదు, అప్పుడు హెక్సేన్‌లో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపినది పేపర్ కొసకి తడి తగిలేంత మాత్రమే అద్దుకోవాలి. హెక్సేన్ దగ్గర మంట ఉండకూడదు, కిటికీ తీసి పెట్టుకో. ఆబ్జెక్టివ్‌ని దేంట్లోనూ ముంచకూడదు, చొక్కా అంచుతో తుడవకూడదు, మర విప్పి లోపల ఏముందో చూద్దామనుకోకూడదు. మా రోజుల్లో జైలీన్ అనే ద్రావకం సీసా ఎప్పుడూ బల్ల మీదే ఉండేది, పిల్లలు అదే పోసి తుడిచేవారు. పాత లెన్సుల్లో రెండు గాజులని అంటించిన జిగురు దానికి మెత్తబడుతుంది, ముక్కు మంచిదీ కాదు.

మరీ దిగులు పడకు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినప్పుడు ఆయన మైక్రోస్కోప్ మరలు చెమటకి తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలిందని ఆయనే రాసుకున్నాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, మీ ఊళ్లోనే కదా, ఒకసారి వెళ్లిరా.

పిల్లకాలువ

మేడమ్ గారూ, నమస్కారం పెట్టాలి మీకు. ఐపీస్ తిరగేసి చూస్తే 40ఎక్స్ ముక్కు మీద పసుప్పచ్చని బెల్లంపాకం లాంటి పొర, ఒక అంచున పగుళ్లు కూడా. గాజు పగిలిందనుకుని గుండె గుభేలుమంది. నెమ్మదిగా తుడిస్తే ఆ పగుళ్లతో సహా పొర లేచివచ్చింది, పగిలింది నూనె పొర, కింద గాజు శుభ్రంగా ఉంది. ఇప్పుడు ఉల్లిపొరలో కేంద్రకం అంచు గీసినట్టు కనిపిస్తోంది.

ఇప్పుడు లైటు సంగతి. ఎల్‌ఈడీకి మార్చేయనా?

కోఠి_కరెంట్

అన్నా, ముందు మార్చాల్సింది లైటు కాదు, ఆ నాబ్ కింద ఉన్న పొటెన్షియోమీటర్, అంటే వెలుతురు పెంచి తగ్గించే పొట్. కార్బన్ ట్రాక్ మీద మురికి పట్టింది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్ అటూఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. పోకపోతే కోఠి గుజరాతీ గల్లీలో అదే విలువది దొరుకుతుంది. కానీ ప్లగ్ పీకేసి విప్పు. కొన్ని డిమ్మర్ బోర్డుల్లో పొట్ దగ్గర కూడా 230 ఉంటది. తెలియకపోతే తెలిసినోడి చేత చేయించు. ప్లగ్‌కి మూడో పిన్ను లేకపోతే అది కూడా పెట్టించు, మొత్తం ఇనప బాడీ మీద నువ్వు ముక్కు పెట్టి కూర్చుంటవ్.

ఎల్‌ఈడీ కావాలంటే చెప్తా. నీ దాంట్లో 6 వోల్టుల 20 వాట్ల హాలోజెన్ ఉంటే, దాని ఫిలమెంటు ఏ ఎత్తులో, ఏ మధ్యలో ఉందో స్కేలు పెట్టి కొలువు, ఎల్‌ఈడీ చుక్క సరిగ్గా అక్కడే ఉండాలె. 3 వాట్ల ఒంటి చుక్క ఎల్‌ఈడీ, అల్యూమినియం స్టార్ ప్లేటు మీద వచ్చేది, వెనక హీట్‌సింక్, మధ్యలో థర్మల్ పేస్టు. చాలా చుక్కలు గుంపుగా ఉండే సీఓబీ రకం వద్దు. 700 మిల్లీఆంపుల కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ పెట్టు. డిమ్మింగ్ మాత్రం పీడబ్ల్యూఎం వద్దు, అది లైటుని క్షణానికి వందలసార్లు ఆర్పి వెలిగించే పద్ధతి, కంటికి తెలియదు గానీ ఫోన్ వీడియోలో నల్ల పట్టీలు పరుగెడతయ్. రంగు 4000 నుంచి 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నది చూడు. పాత బల్బు హోల్డరు కోసెయ్యకు, రేపు వెనక్కి మార్చుకోవాలంటే ఉండాలె.

రొయ్యల_డాక్టర్

నాకు ఈ ఎల్‌ఈడీ మోజు అర్థం కాదు. హాలోజెన్ బల్బు పోతే కొత్తది కొన్ని వందలు, రెండు నిమిషాల్లో మారుతుంది, కాంతిలో అన్ని రంగులూ మధ్యలో తెగకుండా ఉంటాయి. మా ల్యాబులో పొద్దుట్నుంచి రాత్రిదాకా వెలుగుతూనే ఉంటాయి. పనిచేస్తున్నదాన్ని విప్పడం దేనికి?

నాచు_పుట్టగొడుగు

స్టెయిన్ వేసిన స్లైడులకి మీరన్నది నిజమే సర్. కానీ ఆయన చూసేది బతికున్న జీవుల్ని. పారమీషియం ఫ్రేములో ఆగదు, వీడియోలో అది చార కాకుండా ఉండాలంటే షటర్ వేగం పెంచాలి, దానికి లైటు కావాలి. డార్క్ ఫీల్డ్ (వెనక నల్లగా, జీవి మాత్రం మెరిసేలా చూసే పద్ధతి) చేస్తే ఆ లైటులో చాలావరకు అడ్డుకునేదే, మిగిలేది కొంచెం. హాలోజెన్ పూర్తిగా పెంచితే పసుపు తగ్గుతుంది గానీ కవర్ స్లిప్ కింద నీళ్లు తొందరగా ఆరిపోతాయి. నేనైతే మొదట హాలోజెన్‌తోనే వాడమంటా, డార్క్ ఫీల్డ్ వీడియోల పిచ్చి పట్టాక మార్చుకోవచ్చు.

లైటుకంటే ముందు కండెన్సర్ (స్టేజి కింద వెలుతురుని స్లైడు మీదికి కూర్చే లెన్సు) వాడకం నేర్చుకోండి. కొత్తవాళ్లంతా వెలుతురు ఎక్కువైందని కండెన్సర్ కిందికి దించేస్తారు, ఐరిస్ (కండెన్సర్ దగ్గర చిన్నదీ పెద్దదీ చేయగలిగే రంధ్రం) మూసేస్తారు. కండెన్సర్ దాదాపు పైదాకా ఉండాలి, వెలుతురు తగ్గించడానికి నాబ్ ఉంది. ఐరిస్ పని వేరు. ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే ఆబ్జెక్టివ్ వెనక వెలుతురు గుండ్రం కనిపిస్తుంది, ఐరిస్ మూస్తూ ఆ గుండ్రం ముప్పావు వంతు దగ్గరికి వచ్చినప్పుడు ఆపండి. ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాలి. మరీ మూసేస్తే అన్నిటి చుట్టూ నల్లగీత వచ్చి భలే స్పష్టంగా ఉన్నట్టుంటుంది, కానీ మీరు డబ్బు పెట్టి కొన్న ఎన్.ఏ.ని మీరే తగ్గించుకున్నట్టు. 1893లో ఆగస్ట్ కోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పిన వెలుతురు సర్దే పద్ధతి పూర్తిగా చేయాలంటే లైటు దగ్గర ఇంకో డయాఫ్రమ్ (ఐరిస్ లాంటిదే) ఉండాలి, మీ స్టాండుకి అది లేకపోయినా ఈ సగం పని చేసుకుంటే బోలెడు తేడా.

డార్క్ ఫీల్డ్‌కి ఏమీ కొనక్కర్లేదు. ఇలాగే ఐపీస్ తీసి చూస్తూ, 10ఎక్స్ వెనక గుండ్రం అంచుకి ఐరిస్ సరిగ్గా ఆనేలా మూయండి. ఇప్పుడు కండెన్సర్ కిందనుంచి ఐరిస్ రంధ్రం కొలవండి. దానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దగా నల్ల అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, పారదర్శక షీటు మధ్యలో అంటించి, ఫిల్టర్ పెట్టే చోట పెట్టి ఐరిస్ పూర్తిగా తెరవండి. నల్లటి ఆకాశంలో రోటిఫర్లు (నీళ్లలో ఉండే అతిచిన్న జంతువులు) వెండిలా తిరుగుతాయి.

పిల్లకాలువ

చేశా! పెళ్లి శుభలేఖ వెనక నల్ల అట్ట పనికొచ్చింది. 10ఎక్స్‌లో వోర్టిసెల్లా (కాడ మీద గంటలా ఉండే ఏకకణ జీవి) గంటల గుత్తి కనిపించింది, ఒక గంట కాడ స్ప్రింగులా చుట్టుకుపోయి మళ్లీ మెల్లగా విప్పుకుంటోంది, మా అమ్మాయి బడికి లేటయింది దానివల్ల. కానీ 40ఎక్స్‌కి వేరే అట్ట కత్తిరించినా నల్లగా రావట్లేదు, బూడిదరంగు.

నాచు_పుట్టగొడుగు

40ఎక్స్‌లో కష్టమే. మీ కండెన్సర్ మీద 1.25 అని రాసి ఉన్నా, అది దానికీ స్లైడుకీ మధ్య నూనె వేసినప్పటి మాట. గాలి మధ్యలో ఉంటే 1.0 దాటదు, ఆచరణలో 0.9 అనుకోండి. ఆబ్జెక్టివ్ 0.65 వరకు తీసుకుంటుంది కాబట్టి మీకు మిగిలేది సన్నటి ఉంగరం లాంటి వెలుతురు, అట్ట కాస్త పక్కకి జరిగినా నేరుగా లోపలికి కారిపోతుంది. అట్ట మధ్యకి సర్దండి, స్లైడు, కవర్ స్లిప్ శుభ్రంగా ఉంచండి, నీటి పొర పలచగా ఉండనివ్వండి. అయినా రాకపోతే అట్టని ఒక పక్కకి జరిపేయండి, పక్కనుంచి పడే వెలుతురులో జీవులకి నీడలు వచ్చి ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. నాకైతే 40ఎక్స్‌లో డార్క్ ఫీల్డ్ కంటే ఇదే ఇష్టం.

పగిలిన ఎల్‌సీడీ మానిటర్ ఏదైనా ఉంటే పడేయకండి. దాని తెర మీది పొర పోలరైజర్. ఒక ముక్క కండెన్సర్ కింద, ఒక ముక్క ఐపీస్ మీద, ఒకటి తిప్పుతూ నల్లగా వచ్చేచోట ఆపితే పంచదార స్ఫటికాలు మెరుస్తాయి, బంగాళదుంప పిండి రేణువుల మీద నల్ల శిలువలు కనిపిస్తాయి.

లెన్స్‌పిచ్చి_విశాఖ

ఫోటోల సంగతి ఎవరూ చెప్పలేదు. మొదట్లో ఫోన్ చాలు. ఫోన్ మెయిన్ కెమెరా వాడండి, వైడ్ కాదు. ఐపీస్ నుంచి కొంచెం దూరంలో వెలుతురు చుక్కలా కుదించుకునే చోటు ఒకటుంటుంది, తెల్ల కాగితం పెట్టి చూస్తే తెలుస్తుంది, కెమెరా లెన్సు అక్కడుండాలి. చేత్తో పట్టుకుంటే కుదరదు, క్లాంపు కొనుక్కోండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి.

తర్వాత మోజు పెరిగితే రాస్‌ప్బెర్రీ పై హెచ్‌క్యూ కెమెరా (చిన్న కంప్యూటర్ బోర్డుకి తగిలించేది) లాంటిది. ఇక్కడ చాలామంది సెన్సర్‌ని నేరుగా గొట్టంలో పెట్టేస్తారు. 160 ట్యూబులో బొమ్మ ఐపీస్ గొట్టం పైఅంచుకి 10 మి.మీ. కింద ఏర్పడుతుంది కాబట్టి అది కుదురుతుంది, కానీ సెన్సర్ వెడల్పు 6.3 మి.మీ. మాత్రమే. 10ఎక్స్‌లో మీ కంటికి 1.8 మి.మీ. కనిపిస్తుంటే (ఐపీస్‌లో కనిపించే గుండ్రం వెడల్పు, అంటే ఫీల్డ్ నంబర్, 18 మి.మీ. అయితే) దానికి కనిపించేది 0.63 మి.మీ. పైగా లాభం లేదు. 10/0.25 విడదీయగలిగే కనీస వివరం 1.34 మైక్రాన్, అది సెన్సర్ మీద 13.4 మైక్రాన్లు అవుతుంది, అక్కడ పిక్సెల్ 1.55 మైక్రాన్. అంటే ఒక్క వివరానికి ఎనిమిది పిక్సెళ్లకు పైనే, సగానికి పైగా వృథా. మధ్యలో 0.5ఎక్స్ కుదించే లెన్సు పెడితే వివరం పోదు, కనిపించే వైశాల్యం నాలుగింతలు.

కొత్తమెంబర్_నల్గొండ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను మొబైల్ రిపేర్ నేర్చుకుంటున్నా, బోర్డు మీద సోల్డరింగ్‌కి ఇలాంటిదే కొనొచ్చా?

కోఠి_కరెంట్

వద్దు తమ్మీ. ఇందులో 10ఎక్స్ పెడితే బోర్డుకీ లెన్సుకీ మధ్య ఐరన్ దూరే సందు ఉండదు, పైగా బొమ్మ తలకిందులు, వెలుతురు కిందనుంచి. నీకు కావాల్సింది స్టీరియో (తక్కువ రెట్లతో, లోతు తెలిసేలా రెండు కళ్లతో చూసే మైక్రోస్కోప్), కింద 100 మి.మీ. ఖాళీ ఉంటది. కింద 0.5ఎక్స్ లెన్సు తగిలిస్తే ఆ దూరం దాదాపు రెట్టింపు అయితది, పెద్దగా కనిపించడం సగమైతది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో రిపేర్ షాపులోళ్లు పాతవి మారుస్తుంటరు, అడుగు. పొగకి ముందు లెన్సు పాడవకుండా గార్డు గాజు ఉందేమో చూసుకో.

డల్లాస్_బాబాయ్

పిల్లకాలువ గారూ, కొన్న మిషన్‌ని దాచే పద్ధతి కూడా చెప్పండెవరైనా. నేను వచ్చినప్పుడల్లా కాకినాడలో మా అన్నయ్య ఇంట్లో ఒకటి చూస్తుంటా, చెక్కపెట్టెలో మఖ్మల్ గుడ్డ మీద పడుకోబెట్టి తాళం వేస్తాడు.

జువాలజీ_మేడమ్

ఫంగస్‌కి అంతకంటే మంచి పరుపు లేదు. తీయించండి వెంటనే. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆబ్జెక్టివ్‌లు, ఐపీసులు విప్పి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం పోయవద్దు, ఆ పిండి లెన్స్ మీద పడితే ఫంగస్‌కి భోజనం పెట్టినట్టే. విప్పిన చోట్ల మూతలు పెట్టండి. హైదరాబాద్‌లో వానాకాలం తప్ప మామూలు ప్లాస్టిక్ కవరు కప్పినా సరిపోతుంది, రోజూ వాడే మిషన్‌కి ఫంగస్ రావడం అరుదు.

కొత్తమెంబర్_నల్గొండ

కోఠి అన్నకి థాంక్స్, స్టీరియోనే చూస్తా. కానీ ఆ 3,500 కాలేజీది ఇంకా ఉంటే మా తమ్ముడికి తీసుకుందామని. తొమ్మిదో తరగతి. అద్దానికి రెండు వైపులూ వేరుగా ఉన్నాయి ఫోటోలో, ఏది వాడాలి? ఎల్‌ఈడీ కావాలా దానికి కూడా?

రొయ్యల_డాక్టర్

ఏమీ వద్దు, అద్దమే చాలు. స్టేజి కింద కండెన్సర్ ఉంటే చదునైన వైపు, కండెన్సర్ లేకపోతే గుంటగా ఉన్న వైపు. కిటికీ దగ్గర ఆకాశం వైపు తిప్పాలి, లేదా టేబుల్ ల్యాంపు ముందు తెల్ల కాగితం అడ్డంపెట్టి. ఎండలోకి మాత్రం నేరుగా తిప్పనివ్వద్దు, కన్ను పోతుంది, ఈ ఒక్క మాట తమ్ముడికి గట్టిగా చెప్పు. కొనేముందు 40ఎక్స్ ముక్కుని వేలితో పైకి నొక్కి చూడు, స్ప్రింగు ఉంటే లోపలికి పోయి తిరిగి రావాలి. రాకుండా అక్కడే ఇరుక్కుంటే నాకు మెసేజ్ పెట్టు, దాన్నెలా వదులు చేయాలో చెప్తా.

పిల్లకాలువ

ఉంది, నిన్న అడిగితే ఇంకా అమ్మలేదన్నాడు. నంబరు మెసేజ్‌లో పంపుతున్నా. 3,500 చెప్తాడు గానీ ఉల్లిపొర పట్టుకెళ్లండి.